ఎదుటివాడు ఏం చేస్తాడో తెలియని రోడ్డు మీద

2025 జూన్‌లో కేంద్ర రోడ్డు రవాణా శాఖ ఒక ముసాయిదా ప్రకటన విడుదల చేసింది. చిన్న బండ్లకు కూడా ఏబీఎస్ బ్రేకులు తప్పనిసరి చేయాలనీ, కొత్త బండితోపాటు రెండు ఐఎస్ఐ హెల్మెట్లు ఇచ్చి పంపాలనీ అందులోని ప్రతిపాదన. అప్పటినుంచి మన వాట్సాప్ గ్రూపుల్లో దీని మీద వాదన నడుస్తూనే ఉంది. బండి ధర ఎంత పెరుగుతుందని కొందరి బాధ. రెండో హెల్మెట్ ఎక్కడ పెట్టుకోవాలని ఇంకొకరి ప్రశ్న. తల మీద పెట్టుకోవాలని మా కోశాధికారి గారు జవాబిచ్చారు.

ఆ నిబంధన ఎప్పుడు, ఏ రూపంలో అమలైనా వర్తించేది కొత్తగా తయారయ్యే బండ్లకే. మన గుమ్మాల ముందు స్టాండు వేసి ఉన్నవి ఎనిమిదేళ్లవి, పన్నెండేళ్లవి. పిల్లలు కాలేజీకీ కంపెనీకీ పోయేది వాటి మీదే. పైగా బ్రేకు ఎంత మంచిదైనా మన చేతిలోది మాత్రమే. ఎదుటి బండి స్టీరింగు ఇంకొకరి చేతిలో ఉంది. అతను ఇండికేటర్ వేయకుండా తిరుగుతాడు, రాంగ్ రూటులో వస్తాడు, ఫోను చూసుకుంటూ నడుపుతాడు. అతనికి లైసెన్సు ఉందో లేదో కూడా మనకు తెలియదు. ఈ మనిషి నుంచి మన పిల్లల్ని కాపాడుకోవడం ఎట్లా అన్నదే మేము ఇక్కడ మాట్లాడదలచింది.

లెక్కలు ముందు చెప్పుకుందాం. కేంద్ర ప్రభుత్వ నివేదిక ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవారు 1,68,491 మంది. వారిలో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారు. అంటే వందకు 44 మందికి పైగా. హెల్మెట్ లేక పోయిన ప్రాణాలు 50,029. ఇందులో మనం ఆగి చూడవలసిన అంకె ఒకటుంది. ఆ 50,029 మందిలో 14,337 మంది బండి నడుపుతున్నవారు కారు, వెనక కూర్చున్నవారు. మనం ఉంటున్న తమిళనాడు ఆ ఏడాది ప్రమాదాల సంఖ్యలో దేశంలోనే మొదటిది (64,105). మరణాల్లో ఉత్తరప్రదేశ్ తర్వాత రెండోది.

అదే నివేదిక నూటికి 71 మరణాలకు అతివేగమే కారణమని చెబుతుంది. వేగం ప్రాణాంతకమే, అందులో వాదన లేదు. కానీ మేము ముప్పై ఏళ్లకు పైగా గుమాస్తా ఉద్యోగం చేసినవాళ్లం. ఫారంలో 'కారణం' అని ఒక గడి ఉంటే, సాయంత్రం ఇంటికి పోయే వేళకు అది ఎలా నిండుతుందో మాకు కొంత తెలుసు. ఎవరు ఎవరికి కనిపించలేదు, ఎవరు ఏమనుకొని ఏం చేశారు అన్నదానికి ఆ ఫారంలో గడి లేదు. మా అనుభవంలో మన ఇళ్ల పిల్లలు పడిన ప్రమాదాల్లో ఎక్కువ భాగం ఆ లేని గడిలోవే.

మాది హోసూరు. టీవీఎస్ బండ్లు, ఏథర్ ఎలక్ట్రిక్ స్కూటర్లు తయారయ్యే ఊరు. బండి తయారుచేసే ఊళ్లో బండి నడపడం ఎంత కష్టమో 44వ నంబరు జాతీయ రహదారి మీద షిఫ్టు మారే వేళ ఒకసారి నిలబడితే అర్థమవుతుంది. కంపెనీ బస్సులు, బెంగళూరు లారీలు, పూలూ కూరగాయలూ వేసుకొని తెల్లవారకముందే పరుగెత్తే చిన్న వ్యాన్లు, వాటి సందుల్లో మన పిల్లలు. సానమావు అడవి దగ్గర ఏనుగులు రోడ్డు దాటితే అటవీ శాఖవారు రెండు వైపులా బండ్లు ఆపుతారు. షేర్ ఆటో అడ్డం వచ్చేటప్పుడు ఎవరూ ఆపరు.

ఇది హోసూరు సంగతే అనుకోకండి. తరతరాలుగా ఆంధ్ర సరిహద్దుకు ఇవతల స్థిరపడిన మనవాళ్లలో చాలామందికి ఒక పోలిక ఉంది. చుట్టాలు సరిహద్దుకు అవతల ఉంటారు, దూరం మాత్రం బండి మీద పోయేంతే. బళ్లారి నుంచి గుంతకల్లుకు, బరంపురం నుంచి ఇచ్ఛాపురానికి, కృష్ణగిరి నుంచి కుప్పానికి, యానాం నుంచి వంతెన దాటి ఎదుర్లంకకు. పెళ్లయినా, పెద్దకర్మ అయినా, "బస్సు ఎందుకు, బండి మీద పోయి రాత్రికి వచ్చేద్దాం" అనే మాట ప్రతి ఇంట్లో వినిపిస్తుంది. తెలిసిన వీధుల్లో నడపడం అలవాటైన పిల్లవాడు, వెనక తల్లినో మేనత్తనో కూర్చోబెట్టుకొని, చీకటి పడ్డాక, తనకు అలవాటు లేని హైవే ఎక్కుతాడు. దేశం మొత్తం మీద ప్రమాదాలు ఎక్కువగా జరిగేది సాయంత్రం 6 నుంచి 9 లోపల అని ప్రభుత్వ లెక్కలే ఏటా చెబుతున్నాయి. మన తిరుగు ప్రయాణాల వేళ సరిగ్గా అదే.

ఇక అసలు విషయం. ఎదుటి డ్రైవరు ఏం చేస్తాడో చెప్పలేం అంటాం గానీ, ఓపికగా గమనిస్తే వాళ్లు చేసే తప్పులు నాలుగైదు రకాలే. రోజూ అవే, అదే చోట్ల.

ఆటోనే తీసుకోండి. ఆటో ఎప్పుడు ఆగుతుందో ఆటో వెనక లైటు చెప్పదు, రోడ్డు పక్క నిలబడ్డ మనిషి చెబుతాడు. సంచి పట్టుకొని రోడ్డు వైపు చూస్తున్న మనిషి కనిపించాడంటే, ఆ మనిషికీ మనకూ మధ్యనున్న ప్రతి ఆటో ఎడమకు కోస్తుందని లెక్క. మనిషి చెయ్యెత్తకముందే యాక్సిలరేటర్ వదలాలి. బస్సు సంగతి ఇంకొకటి. స్టాపులో ఆగిన బస్సు ముందు నుంచి ఎవరో ఒకరు పరుగున రోడ్డు దాటుతారు, బస్సుకు ఎడమ వైపు ఎవరో దిగుతారు. రెండు వైపులా ప్రమాదమే గనక ఆగిన బస్సును దాటేటప్పుడు నడిచే వేగం చాలు.

కారు తిరుగుతుందా లేదా అన్నది బంపర్‌ను చూస్తే తెలియదు. ముందు చక్రాన్ని చూడాలి. కారు కదలకముందే చక్రం తిరుగుతుంది. పక్కన నిలిపి ఉన్న కార్లయితే వరసకు ఒక తలుపు వెడల్పు దూరంగా పోవాలి. అద్దం చూసి తలుపు తీసే అలవాటు మన దేశంలో ఇంకా రాలేదు. లోపల తల కనిపిస్తే తలుపు తెరుచుకుంటుందనే అనుకోవాలి.

లారీలది ప్రత్యేకమైన భాష. నాలుగు రాష్ట్రాల డ్రైవర్లు కలిసే మన రోడ్ల మీద ఈ భాష తెలియక పోయిన ప్రాణాలు ఉన్నాయి. ముందు పోతున్న లారీ కుడి ఇండికేటర్ వేస్తే మూడు అర్థాలు తీయవచ్చు. కుడికి తిరుగుతున్నానని ఒకటి. ముందున్న బండిని దాటబోతున్నానని రెండు. రోడ్డు ఖాళీగా ఉంది, నువ్వు నన్ను దాటి పో అని మూడు. ఈ మూడోది ఏ నియమాల్లోనూ లేదు, అయినా ఎందరో డ్రైవర్లు మర్యాద కొద్దీ వేస్తారు. ఇదే మర్యాదకు కొందరు ఎడమ ఇండికేటర్ వాడతారు. మర్యాద అనుకొని కుడి నుంచి దాటబోయినవాడు, లారీ నిజంగానే కుడికి తిరిగితే దాని కిందికే పోతాడు. కాబట్టి మా మాట ఒకటే. ఇండికేటర్ ఏ వైపు వేసినా లారీ ఆ వైపుకు తిరుగుతుందనే నమ్మండి. దాటడానికి ఎవరి సైగా మనకు అక్కర్లేదు, ఎదర రోడ్డు మన కళ్లకు కనిపించాలి.

లైటు కొట్టడం కూడా అంతే. ఎదురుగా వచ్చే బండి రెండుసార్లు లైటు కొడితే "నేను ఆగను, నువ్వు ఆగు" అని మన దేశంలో అర్థం. కొత్తగా బండి నేర్చిన పిల్లలు దారి ఇస్తున్నాడనుకుంటారు. ఇది డ్రైవింగ్ స్కూలులో చెప్పరు. ఇంట్లో పెద్దవాళ్లే చెప్పాలి.

ఇంకొకటి. లారీ అద్దంలో డ్రైవరు ముఖం మనకు కనిపించడం లేదంటే మనం అతనికి కనిపించడం లేదు. లారీ పక్కనే, ముఖ్యంగా ఎడమ పక్కన, సమానంగా పోతూ ఉండడం కంటే అపాయం లేదు. పొడుగాటి బండి ఎడమకు తిరిగేటప్పుడు ముందు చక్రాలు పోయిన దారిలో వెనక చక్రాలు పోవు, ఇంకా లోపలికి కోస్తాయి. దాటితే గబుక్కున దాటాలి, లేకపోతే వెనకే ఉండాలి.

వెనక ఎంత దూరంలో ఉండాలి? దీనికి చిన్న లెక్క ఉంది. గంటకు 60 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. కన్ను చూసి, మెదడు ఒప్పుకొని, చెయ్యి బ్రేకు పట్టేసరికి సెకనున్నర. అప్పటికే 25 మీటర్లు పోయాం, బ్రేకు ఇంకా మొదలే కాలేదు. పొడి రోడ్డు మీద బండి నిలబడేసరికి మొత్తం 45, 50 మీటర్లు. అదే 40 కిలోమీటర్ల వేగమైతే 27 మీటర్ల లోపే ఆగుతుంది. ఇరవై కిలోమీటర్లు తగ్గించినందుకు దాదాపు సగం దూరం మిగిలింది. బ్యాంకులో ఎక్కడా ఇంత వడ్డీ రాదు.

మీటర్లు కొలిచే తీరిక రోడ్డు మీద ఉండదు గనక ఒక ఉపాయం. ముందు బండి ఒక కరెంటు స్తంభం దాటగానే "వేంకటరమణా గోవిందా" అని మామూలుగా, తొందరపడకుండా అనుకోండి. అనడం పూర్తి కాకముందే మన బండి ఆ స్తంభం చేరిందంటే చాలా దగ్గరగా పోతున్నట్టు. ఎవరి దేవుణ్ణి వారు తలచుకోవచ్చు, రెండు సెకన్లు పట్టాలి అంతే. వానలో రెండుసార్లు అనుకోవాలి.

బ్రేకు గురించి మన ఇళ్లలో ఒక పాత భయం ఉంది. "ముందు బ్రేకు పట్టకు, పల్టీ కొడతావు" అని తాతలు, తండ్రులు చెప్పి పెట్టారు. పాత స్కూటర్ల కాలంలో, కంకర రోడ్ల మీద పుట్టిన భయం అది. వేగంలో ఉన్న బండి బరువు బ్రేకు పడగానే ముందు చక్రం మీదికి వస్తుంది. అందుకే బండిని నిలబెట్టే పని ఎక్కువగా ముందు బ్రేకుదే. కాలి బ్రేకు ఒక్కటే తొక్కేవాడికి ఆగే దూరం బాగా పెరుగుతుంది, వెనక చక్రం జారుతుంది కూడా. రెండూ కలిపి, ముందుది పిండినట్టు క్రమంగా పట్టాలి. ఖాళీ మైదానంలో ఒక ఆదివారం పొద్దున పది సార్లు చేస్తే చేతికి వస్తుంది. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన బండ్లకు ఏబీఎస్, లోపు బండ్లకు రెండు చక్రాలకూ కలిసి పడే బ్రేకు తప్పనిసరి అయ్యాయి. ఆ తర్వాత కొన్న బండి అయితే కొంత మేలు. మలుపులో ఇసుక ఉంటే మాత్రం ఏ బ్రేకూ కాపాడదు, ముందే మెల్లగా పోయి ఉండాలి.

రాత్రి ప్రయాణాల్లో ఒక్కో ప్రాంతానిది ఒక్కో ముప్పు. షోలాపురంలోని మన పద్మశాలి కుటుంబాలవారికి చెరకు కాలం గురించి మేము చెప్పనక్కర్లేదు. వెనక లైటు లేని ట్రాక్టరుకు రెండు ట్రాలీలు కట్టి, వాటి వెడల్పు దాటి చెరకు వేలాడుతూ ఉంటుంది. చీకట్లో అది గోడలాంటిది. బళ్లారి వైపు ఖనిజం లారీలు లేపే దుమ్ములో ఆగి ఉన్న లారీకీ పోతున్న లారీకీ తేడా తెలియదు. రోడ్డు మీద మన లైటు వెలుగు ఎంత దూరం పడుతుందో అంత దూరంలో ఆగగలిగే వేగంలోనే పోవాలి. పాత బండి లైటుతో అది చాలాసార్లు 40కి మించదు. పెళ్లి భోజనం చివరి బంతిలో తిని బయలుదేరడం కంటే మొదటి బంతిలో తిని వెలుతురుండగా ఇల్లు చేరడం మేలు. లేదంటే అక్కడే పడుకొని తెల్లవారి రండి. చుట్టాలు ఏమీ అనుకోరు.

హెల్మెట్ గురించి మళ్లీ చెప్పాలా అని మీరు అనవచ్చు. మన సరిహద్దు ఊళ్లలో హెల్మెట్ ట్యాంకు మీదో మోచేతికో ఉండి, చెక్‌పోస్టు కనిపించగానే తల మీదికి ఎక్కుతుంది, దాటగానే దిగుతుంది. ఏ రాష్ట్రం పోలీసు ఎంత జరిమానా వేస్తాడో మన పిల్లలకు కంఠతా వచ్చు. చట్టం మాత్రం అన్ని రాష్ట్రాలకూ ఒకటే. వెనక కూర్చున్నవారికీ, నాలుగేళ్లు దాటిన పిల్లలకూ హెల్మెట్ తప్పనిసరి. పెళ్లికి పోయే ఆడవాళ్లు తలలో పూలు నలిగిపోతాయని పెట్టుకోరు. పూలు సంచిలో తీసుకుపోయి అక్కడ పెట్టుకోవచ్చు. పైట చెంగు చక్రంలో పడకుండా నడుముకు దోపుకోవాలి. వెనక చక్రానికి ఉండే జాలీ, అందం లేదని పిల్లలు ఊడదీయించే ఆ జాలీ, చట్ట ప్రకారం ఉండవలసినదే. గడ్డం కింద పట్టీ బిగించని హెల్మెట్ తలకంటే ముందు ఎగిరిపోతుంది.

పోయిన ఏడాది మా సంఘం సమావేశంలో ఈ మాటలే చెబుతుంటే, కాలికి కట్టుతో వచ్చిన ఒక కుర్రవాడు లేచి, "తప్పు వాడిది మామా. నేను నా వైపునే పోతున్నాను" అన్నాడు. "తప్పు వాడిదే నాయనా. ఎఫ్‌ఐఆర్‌లో కూడా అలాగే రాశారు. విరిగిన కాలు నీది" అని వాళ్ల పెదనాన్న గారు అక్కడే అన్నారు. ఆ కుర్రవాడికి కోపం వచ్చింది. కోపం మాకు అర్థమవుతుంది. పైగా తప్పు చేసిన డ్రైవరును ఎవరూ పట్టించుకోకుండా, జాగ్రత్తలన్నీ దెబ్బ తిన్నవాడికే చెప్పడం న్యాయం కాదు. రాంగ్ రూటు నిలవాలంటే డివైడరు సందులు మూయాలి, దగ్గరలో సరైన యూ టర్న్ ఇవ్వాలి, పోలీసు నిలబడాలి. దానికోసం మనం అర్జీలు పెడుతూనే ఉందాం. ఈలోగా రేపు పొద్దున ఆరు గంటల షిఫ్టుకు ఆ కుర్రవాడు అదే రోడ్డు ఎక్కాలి.

పద్దెనిమిది నిండని పిల్లలకు తాళం ఇచ్చే తల్లిదండ్రులకు ఒక్క మాట. 2019 సవరణ తర్వాత చట్టంలో శిక్ష బండి నడిపిన పిల్లవాడితో ఆగదు. పెద్దవారికి మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు. ట్యూషన్ దగ్గరే కదా అని ఇస్తున్నాం. ఎదుటి డ్రైవర్లలో అనుభవం లేనివాడెవడు అని మనం భయపడుతుంటే, వేరే ఇంటివారికి ఆ ఎదుటివాడు మన పిల్లవాడే.

ఇక కాగితాలు. ఇది మా వృత్తి గనక కొంచెం ఓపిక పట్టండి.

బండి బీమాతోపాటు యజమానికి 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉంటుంది. అది రిజిస్ట్రేషన్‌లో పేరున్న వ్యక్తి, లైసెన్సుతో, స్వయంగా నడుపుతున్నప్పుడే వర్తిస్తుంది. తండ్రి పేరున ఉన్న బండి కొడుకు నడిపితే కొడుక్కి ఆ డబ్బు రాదు. మన సరిహద్దు ఊళ్లలో పక్క రాష్ట్రం నంబరుతో కొని, పేరు మార్చుకోకుండా ఏళ్ల తరబడి తిప్పే బండ్లు ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు. నడిపేది ఎవరో బండి వారి పేరున పెట్టించండి.

ప్రమాదం జరిగితే 108, జాతీయ రహదారి మీదైతే 1033 కూడా. 2025 మేలో కేంద్రం ప్రకటించిన పథకం ప్రకారం గుర్తింపు పొందిన ఆసుపత్రిలో ఏడు రోజుల వరకు, లక్షా యాభై వేల రూపాయల మేరకు చికిత్స డబ్బు కట్టకుండానే జరగాలి. తమిళనాడులో 2021 డిసెంబరు నుంచే మొదటి 48 గంటల ఉచిత చికిత్స పథకం ఉంది, గాయపడినవారు ఏ రాష్ట్రంవారైనా సరే. ఆసుపత్రికి చేర్చినవారిని పోలీసులు పేరు చెప్పమని బలవంతం చేయకూడదని 134ఏ సెక్షన్ రక్షణ ఇస్తోంది. మన ఇళ్లలో "పోలీసు గొడవ మనకెందుకు" అని పక్కకు తప్పుకోవడం ఇంకా ఉంది. ఆ భయం ఇక అక్కర్లేదు.

పరిహారం కేసు ప్రమాదం జరిగిన చోటే వేయాలని చాలామంది అనుకుంటారు. అక్కర్లేదు. బాధితులు తాము నివసించే ఊరి ట్రిబ్యునల్‌లోనే వేసుకోవచ్చు. కుప్పం దగ్గర దెబ్బ తగిలినా హోసూరులో ఉండేవారు ఇక్కడి నుంచే అడగవచ్చు. ఆరు నెలల్లోగా వేయాలని 2022 ఏప్రిల్ నుంచి చట్టంలో ఉంది, ఆలస్యం చేయకండి. గుద్ది పారిపోయిన బండి దొరకకపోయినా మరణానికి రెండు లక్షలు, తీవ్ర గాయానికి యాభై వేలు ప్రభుత్వం ఇస్తుంది.

ఇందులో మన ఇళ్లకే ఉన్న చిక్కు ఒకటి ఉంది. చిత్తూరు జిల్లా స్టేషనులో ఎఫ్‌ఐఆర్ తెలుగులో రాస్తారు. ఇంట్లో తెలుగే మాట్లాడే మన పిల్లలు తమిళంలో చదువుకున్నారు గనక దాన్ని చదవలేరు. చదవగలిగిన పెద్దవాళ్లు ఆసుపత్రిలో ఉంటారు. కర్ణాటక వైపు జరిగితే కన్నడం, ఎవరికీ రాదు. ఏం రాశారో తెలియకుండా సంతకం పెట్టిన కాగితాల వల్ల తప్పు మనవాడి మీదికే తిరిగిన సందర్భాలు మేము చూశాం. చదివించుకోకుండా సంతకం పెట్టకండి. మా సంఘంలో తెలుగు, తమిళం, కన్నడం మూడూ చదవగలిగినవారు నలుగురం ఉన్నాం. కార్యాలయం ఆదివారం తప్ప రోజూ సాయంత్రం 5 నుంచి 7 వరకు తెరిచే ఉంటుంది. కాగితం తీసుకొని రండి, రాలేకపోతే ఫోనులో ఫొటో తీసి పంపండి.